సైటేషన్లు చివరి పేజీకి, కొలతలు మొదటి పేజీకి

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫ్యాకల్టీ అప్లికేషన్ రెండుసార్లు చదివాను. మొదటి వరసలోనే మొత్తం సైటేషన్లు (నీ పేపర్లను ఇతర పేపర్లు ఉదహరించిన సార్లు), దాని కింద హెచ్-ఇండెక్స్, ఆ కింద జర్నళ్ల ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు (ఒక్కో జర్నల్ పేపర్లకు సగటున వచ్చే సైటేషన్లు). ఇన్నేళ్లు నువ్వు కష్టపడ్డ హాఫ్నియం ఆక్సైడ్ ఫిల్ముల (పలచని పొరల) ఊసు మూడో పేజీ దాకా రాలేదు. దీన్ని తిరగరాయాలమ్మా.

హెచ్-ఇండెక్స్‌ని 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించాడు. ఇరవై పేపర్లకు ఒక్కోదానికి కనీసం ఇరవై సైటేషన్లుంటే అది 20. ఒకసారి పెరిగిన అంకె ఇక తగ్గదు, కొత్త పని ఏమీ చేయకపోయినా పెరగొచ్చు. నీ వయసువాళ్లకు తక్కువగా ఉండటం సహజం, దానికి చిన్నబుచ్చుకోకు. చివరి పేజీలో ఒక్క వరస చాలు: ఏ డేటాబేస్, ఏ తేదీ, నీ పేపర్లను నువ్వే ఉదహరించుకున్నవి తీసేస్తే ఎన్ని. గూగుల్ స్కాలర్ థీసిస్‌లనూ ప్రిప్రింట్లనూ (జర్నల్లో రాకముందే బయటపెట్టిన పేపర్లను) కలుపుకుంటుంది కాబట్టి స్కోపస్ అనే డేటాబేస్ అంకెతో కలవదు. ఎక్కడిదో చెప్పకుండా అంకె వేస్తే కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.

నీకు ఎక్కువ సైటేషన్లు తెచ్చింది రివ్యూ పేపరు, అంటే ఇతరుల పనిని సమీక్షించినది. దాన్ని విడిగా పెట్టు. రివ్యూలు తక్కువవని కాదు. గేట్ ఆక్సైడ్ (ట్రాన్సిస్టర్‌లో కరెంటును ఆపే పొర) మరీ పలచనైతే ఎలక్ట్రాన్లు దాన్ని దాటి లీకవుతాయని, దాని బదులు ఏ పదార్థాలు పనికొస్తాయో విల్క్, వాలెస్, ఆంథనీ 2001లో ఒక రివ్యూ రాశారు. వేల పేపర్లు దాన్ని ఉదహరించాయి. 2007లో ఇంటెల్ 45 నానోమీటర్ల చిప్పుల్లోకి హాఫ్నియం వచ్చింది కూడా. అయినా కమిటీ నీ దగ్గర వెతికేది నువ్వు స్వయంగా తేల్చిన సంగతిని.

ఆ సంగతి నీ లూపుల్లో, అంటే వోల్టేజీ మార్చినకొద్దీ పోలరైజేషన్ (పదార్థంలో ఛార్జీలు ఒక దిక్కుకు సర్దుకోవడం) ఎలా మారుతుందో చూపే గీతల్లో ఉంది. హాఫ్నియం ఆక్సైడ్ ఫెర్రోఎలక్ట్రిక్ (వోల్టేజీ తీసేసినా పోలరైజేషన్ నిలిచి, ఎదురు వోల్టేజీతో తిరగబడే పదార్థం) అవుతుందని 2011లో పేపరు వచ్చాక ఎంతమంది ఆ దారి పట్టారో నీకు తెలుసు. అన్ని లూపులూ నిజం కావు. 2008లో జేమ్స్ స్కాట్ అనే భౌతికశాస్త్రవేత్త అరటితొక్కకు ఎలక్ట్రోడ్లు పెట్టి, పేపర్లలో కనిపించే లూపుల్లాంటిదే గీసి చూపించాడు! అది ఫెర్రోఎలక్ట్రిసిటీ కాదు, వట్టి లీకేజ్. అందుకే మొదటి పేజీలో ఒక్క మంచి ఫిగర్ పెట్టు. లూప్ ఏ ఫ్రీక్వెన్సీలో తీశావు, ఎలక్ట్రోడ్ వైశాల్యం ఎలా కొలిచావు, ఎన్ని సైకిళ్ల తర్వాత అంత పోలరైజేషన్ వచ్చింది, పండ్ పల్సులతో (అటు రెండు, ఇటు రెండు వోల్టేజీ పల్సులిచ్చే పద్ధతితో) లీకేజ్‌ని ఎలా విడదీశావు, అన్నీ దాని కింద రాయి. వేక్-అప్ (మొదట కొన్ని సైకిళ్లు నడిపాక పోలరైజేషన్ పెరగడం) కాకముందు లూప్ సన్నగా ఉంటే అదీ చూపించు, దాచకు. ఈ పేజీ చదివినవాడికి నీ మీద కుదిరే నమ్మకం ఏ ఇండెక్స్ వల్లా రాదు.

సైటేషన్లు ఆలస్యంగా రావచ్చు కూడా. 2009లో జపాన్‌లో మియాసాకా బృందం పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థంతో సోలార్ సెల్ 3.8 శాతం సామర్థ్యంతో చేసింది. ద్రవ ఎలక్ట్రోలైట్‌లో ఆ పదార్థం కరిగిపోయేది, కొన్నేళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2012లో ఆ ద్రవం బదులు ఘన పదార్థంతో చేసిన సెల్ పది శాతం దగ్గరికి చేరాక ప్రపంచమంతా అటు తిరిగింది. మొదటి మూడేళ్ల సైటేషన్లు చూసి తీర్పు చెప్పినవాళ్లు ఏమయ్యేవాళ్లు?

ఇంకో పని. నిన్ను ఉదహరించిన పేపర్లన్నీ తెరిచి చదువు. ఎక్కువ భాగం ఉపోద్ఘాతంలో పదిమందితో కలిపి నీ పేరు వేసి వదిలేసినవే ఉంటాయి. నీ రెసిపీతో ఫిల్మ్ వేసినవాళ్లు, నీ ఎనీలింగ్ (ఫిల్మ్‌ను వేడిచేసే) ఉష్ణోగ్రత సరికాదన్నవాళ్లు ఏ కొద్దిమందో. ఆ కొద్దిమంది గురించే నాలుగు వాక్యాలు రాయి. కాదన్నవాళ్ల వాదనలో నిజముంటే అదీ ఒప్పుకో. నీ పని మీద నాకెంత గర్వమో నీకు తెలుసు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు ఆ ఫిగర్ పేజీ ఒక్కటే పంపు. అది కుదిరాక మిగతాది చూద్దాం.

మావయ్య