నీ కారుకి నువ్వే ర్యాప్ వేసుకుంటానన్నావు కదా

అమ్మలూ,

కారు పెయింట్ మీద రంగు వినైల్ ఫిల్మ్ అంటించి, అంటే ర్యాప్ వేసి, రంగు మార్చాలనుకుంటున్నావని, ఆ పని బయట ఎవరికీ ఇవ్వకుండా ఇంట్లో నువ్వే చేసుకుంటానని రాశావు. చదివి చాలా సంతోషించాను. నువ్వు చెయ్యగలవు. దీనికి పెద్ద బలం అక్కర్లేదు, పెద్ద మెషీన్లూ అక్కర్లేదు. కానీ చేతిలోకి తీసుకోబోయే ఆ వినైల్, అంటే వెనక జిగురున్న పలచని ప్లాస్టిక్ షీటు, దాని స్వభావం ఏమిటో ముందు తెలియాలి. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

వినైల్ తన మొదటి ఆకారాన్ని మర్చిపోదు. దాన్ని లాగి అంటించావనుకో, ఆ పూటకి జిగురు పట్టుకుంటుంది. తర్వాత ఎండ తగిలి మెత్తబడగానే తన పాత కొలతకి వెళ్లిపోవాలని చూస్తుంది. అప్పుడే అంచులు లేస్తాయి, గుంటల దగ్గర ఉబ్బుతుంది. నేను మొదటిసారి వేసిన ముందు బంపర్ అలాగే పోయింది. ఫాగ్ లైట్ చుట్టూ ఉండే గుంటలోకి ఫిల్మ్‌ని బొటనవేలితో నొక్కి నొక్కి దించాను. సాయంత్రానికి ఎక్కడా చిన్న లోపం కనిపించలేదు. మూడు రోజులు ఎండలో నిలబెట్టాక చూస్తే, ఆ గుంట మీద ఫిల్మ్ డప్పు మీద తోలులా బిగుసుకుని ఉంది. వేలితో తడితే చప్పుడొచ్చింది. కింద అంతా గాలే. జిగురు మంచిది కాదనుకుని ఇంకో ముక్క తెచ్చి మళ్లీ అలాగే వేశాను, మళ్లీ అలాగే లేచింది. తప్పు జిగురులో లేదని, నేను లాగడంలో ఉందని అప్పుడు అర్థమైంది.

ఇది మనసులో పెట్టుకుని ఫిల్మ్ ఎంచుకో. వినైల్‌లో కాస్ట్ అని, క్యాలెండర్డ్ అని రెండు రకాలు. క్యాలెండర్డ్ అంటే పదార్థాన్ని వేడి రోలర్ల మధ్య నలిపి, పలచగా సాగదీసి చేసింది. తయారీలోనే సాగింది కాబట్టి కాలం గడిచేకొద్దీ ముడుచుకుపోవాలని చూస్తుంది. బోర్డుల మీద, చదునైన చోట అది బాగానే ఉంటుంది కానీ కారు వంపులకి పనికిరాదు. కాస్ట్ అంటే ద్రవంగా ఉన్నప్పుడే షీటు మీద పలచగా పోసి, వేడితో గట్టిపరిచింది. దానిలో ఆ బిగువు చాలా తక్కువ, వంపు ఎటు ఉంటే అటు ఒదుగుతుంది. 3ఎం 2080, ఎవెరీ డెనిసన్ ఎస్‌డబ్ల్యూ900 లాంటివి ఈ రకమే. ధర ఎక్కువే, కానీ ఇక్కడ మాత్రం డబ్బు మిగుల్చుకోవాలని చూడకు. జిగురు వైపు సన్నని గాలి దారులు ఉన్న ఫిల్మ్ అడుగు. మొదటిసారి చేసేవాళ్లకి అవి లేకపోతే బుడగలతోనే రోజంతా పోతుంది.

రోల్ వెడల్పు మామూలుగా 152 సెంటీమీటర్లు ఉంటుంది, చాలా కార్లకి బానెట్ ఒకే ముక్కలో వచ్చేస్తుంది. ఒక్కో భాగాన్నీ టేపుతో కొలిచి, నాలుగు వైపులా అయిదారు సెంటీమీటర్లు కలుపుకుని లెక్క రాసుకో. దానిమీద ఒక బానెట్‌కి సరిపడా ఎక్కువ తీసుకో. అంతా ఒకే బ్యాచ్‌ది అయ్యేలా చూడు, బ్యాచ్ మారితే రంగులో తేడా రావచ్చు. మెటాలిక్ రంగు అయితే అన్ని ముక్కలూ ఒకే దిశలో వెయ్యాలి. ఒక డోర్ నిలువుగా, పక్క డోర్ అడ్డంగా వేశావంటే ఎండలో అవి రెండు రంగుల్లా కనిపిస్తాయి.

ఫిల్మ్ కొనేముందే పెయింట్ ఎలా ఉందో చూడు. తుప్పు ఉన్నా, పెచ్చులు లేస్తున్నా ముందు అది బాగుచేయించు. ఫిల్మ్ పలచన, మందం మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూగా ఉంటుంది. కింద ఉన్న ప్రతి గీతా, ప్రతి గుంటా పైకి తెలుస్తుంది. ఈ మధ్యే పెయింట్ వేయించి ఉంటే అది లోపలి దాకా ఆరేవరకు ఆగు, లేకపోతే లోపలి ఆవిరి బయటికొస్తూ బుడగలు పుడతాయి. పెయింట్ బలహీనంగా ఉంటే రేపు ఫిల్మ్ తీసేటప్పుడు దానితోపాటే ఊడి వస్తుంది.

శుభ్రం చేసే పనికి ఒక పూట పూర్తిగా కేటాయించు. షాంపూతో కడిగి ఆరాక, చేతికి పలచని ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని, కళ్లు మూసుకుని బానెట్ మీద వేళ్లు మెల్లగా జరుపు. ఉత్త చేతికి తెలియని గరుకు ఆ కవర్‌లోంచి ఇసుకలా తగులుతుంది. ఆ గరుకు పోయేదాకా క్లే బార్ రుద్దు, అది పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగేసే మెత్తని మట్టి ముద్దలాంటిది. చివరగా నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూలు పోగులు రాలని గుడ్డతో తుడువు. పైపైన తుడిచి ఊరుకోవద్దు. అంచులు లేచేది ఎక్కువగా డోర్ లోపలి మడతల దగ్గర, బానెట్ కింది అంచు దగ్గర, చక్రాల పైన. పాత వ్యాక్స్, గ్రీజు దాక్కునేది కూడా అక్కడే. హ్యాండిళ్లు, లైట్లు, కంపెనీ గుర్తులు ఊడదీయగలిగినవన్నీ ఊడదీసెయ్. స్క్రూలు ఎక్కడివక్కడ చిన్న కవర్లలో వేసి పేరు రాసిపెట్టు.

పని చేసే చోట పైకప్పు ఉండాలి, గాలి వీచకూడదు. ఫ్యాన్ ఆపెయ్, నేల కొద్దిగా తడిపితే దుమ్ము లేవదు. 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటే హాయిగా చేసుకోవచ్చు. చలిలో ఫిల్మ్ బిరుసెక్కుతుంది, బాగా వేడిగా ఉంటే జిగురు తాకీ తాకగానే పట్టేస్తుంది.

మిర్రర్ చిన్నది కదా అని దానితోనే మొదలుపెట్టమని చాలామంది చెబుతారు. వాళ్ల మాట వినకు. కారులో కష్టమైన వాటిలో అదొకటి, అన్ని వైపులా వంపే. ముందు ఫ్యూయల్ మూత, తర్వాత డోర్లు, ఆ తర్వాత బానెట్ చెయ్యి. మిర్రర్లు, బంపర్లు చివరికి ఉంచు. అప్పటికి నీ వేళ్లకి ఫిల్మ్ తెలిసి ఉంటుంది.

బానెట్‌కి తోడు ఒకరుండాలి. ఇద్దరూ చెరో వైపు పట్టుకుని, వెనక కాగితం తీసి, మంచం మీద దుప్పటి పరిచినట్టు దించండి. నాలుగు మూలలా సమానంగా, ముడత పడనంత బిగువు చాలు, సాగనంత మెత్తగా ఉండాలి. మధ్యలో అరచేత్తో తాకించి, మెత్తని ఫెల్ట్ అంచున్న స్క్వీజీతో, అంటే ఫిల్మ్‌ని నొక్కి గాలిని బయటికి తోసే చేతి పలకతో, మధ్య నుంచి బయటికి నొక్కుతూ రా. స్క్వీజీ 45 డిగ్రీల వాలులో ఉండాలి, ఒక్కో గీత ముందు గీతని సగం కప్పాలి. ముడత ఎదురైతే దాని మీద స్క్వీజీ లాగేయకు. అక్కడిదాకా ఫిల్మ్ మెల్లగా పైకెత్తి, వేడిగాలి ఊదే హీట్ గన్ దూరం నుంచి ఆడించు. ముడత నీ కళ్లముందే కరిగి, ఇస్త్రీ చేసిన బట్టలా సాపు అవుతుంది. తన ఆకారాన్ని మర్చిపోని ఆ గుణమే ఇక్కడ నీకు సాయం చేస్తుంది. కాసేపు చల్లారనిచ్చి మళ్లీ దించు. చిన్న చిన్న బుడగలకి టెన్షన్ పడకు, చాలావరకు కొన్ని రోజుల్లో వాటంతటవే పోతాయి. మిగిలినవి సన్నని సూదితో ఏటవాలుగా పొడిచి నొక్కితే సరి.

గుంటల దగ్గర నాలా చెయ్యకు. గుంట చుట్టూ ఇంకా నొక్కకుండా వదులుగా ఉంచి, ఆ వదులుని గుంటలోకి జరుపు. వేడి చేసి, గ్లవ్ వేసుకున్న చేత్తో అడుగు వరకు ఆన్చి, తర్వాత పైకి నొక్కుతూ రా. రంగు పలచబడుతోందంటే, మ్యాట్ ఫిల్మ్ మెరుపెక్కుతోందంటే మితిమీరి లాగావని, లేదా వేడి ఎక్కువైందని అర్థం. గుంట మరీ లోతైతే దానికి విడిగా ఒక ముక్క వెయ్యి. అతుకు కనిపిస్తుందేమోనని భయపడకు, లేచిపోయిన ఫిల్మ్ కంటే చక్కని అతుకు ఎంతో నయం.

కోత దగ్గర చెయ్యి తేలిగ్గా ఉండాలి. బ్లేడు మొన మాత్రమే తగలాలి, బరువు వెయ్యకు. నాలుగైదు కోతలకోసారి మొన విరిచి కొత్తది చేసుకో. నేను చాలా ఏళ్ల కింద ఒక డోర్ మీద ఫిల్మ్‌తోపాటు పెయింట్ కూడా కోసేశాను. అప్పుడు కనిపించలేదు. ఫిల్మ్ తీసిన రోజు ఆ గీత పొడుగునా తుప్పు ఎర్రగా దారంలా పాకి ఉంది. అది చూసి ఎంత బాధపడ్డానో ఇప్పటికీ గుర్తుంది. పెయింట్ మీద కొయ్యాల్సి వస్తే నైఫ్‌లెస్ టేప్ వాడు. టేప్ ముందు అంటించి, దాని మీద ఫిల్మ్ వేసి, టేపులోని సన్నని దారాన్ని లాగితే ఫిల్మ్ మాత్రమే తెగుతుంది. అంచుల్లో అయిదారు మిల్లీమీటర్లు వదిలి లోపలికి మడిచి నొక్కు.

అంతా అయ్యాక ఇక వదిలేద్దామనిపిస్తుంది. వదలకు. అంచులు, గుంటలు, వంపులు అన్నిటినీ మళ్లీ ఒకసారి బాగా వేడి చెయ్యాలి. ఎక్కువ కాస్ట్ ఫిల్మ్‌లకి ఇది 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటుంది, నీ ఫిల్మ్‌ది ఎంతో తయారీదారు కాగితంలో చూసుకో. చేత్తో అంచనా వెయ్యకు, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పెట్టి చూడు. ఈ వేడికే ఫిల్మ్ తన పాత కొలతని వదులుకుని కొత్త ఆకారానికి అలవాటు పడుతుంది.

పార్కింగ్ సెన్సర్లని ఫిల్మ్‌తో కప్పకు. బంపర్ వెనక రాడార్ ఉంటే దాని ముందు క్రోమ్, మెటాలిక్ ఫిల్మ్ వెయ్యొద్దు. కారు కాగితాల్లో రంగు రాసి ఉంటుంది కాబట్టి, మార్చేముందే అక్కడి రవాణా ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గర కనుక్కో. మొదటి వారం కడగకు. ఆ తర్వాత చేత్తోనే కడుగు, ప్రెషర్ పైపు అంచుల దగ్గరికి తేవద్దు. బానెట్, టాప్ ఎండకి ముందు పాతబడతాయి, కాబట్టి నీడలో నిలుపు.

బంపర్ దాకా వచ్చాక ఆగు. ఆ గుంటల ఫోటో తీసి పంపు, వదులు ఎటు నుంచి తేవాలో గీసి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న