ఏఐ కోర్సా, ఇంటి అప్పా? ముందు ఎన్ని నెలలు నిలబడగలరో లెక్కేయండి

ప్రశ్న: నా వయసు 39. పద్నాలుగేళ్లుగా ఇంటి నుంచే అనువాదాలు చేస్తున్నాను, ఎక్కువగా యంత్రాల మాన్యువళ్లు, సబ్‌టైటిళ్లు. రెండేళ్ల కిందటి నా సగటు నెల ఆదాయం 100 అనుకుంటే ఇప్పుడు 68 వస్తోంది. "ఏఐ అనువదించేసింది, మీరు దిద్దితే చాలు" అంటూ పాత రేటులో 40 శాతమే ఇస్తున్నారు. మావారిది ఒక సంస్థ అకౌంట్స్ విభాగంలో ఉద్యోగం. అదే లెక్కన జీతం 90, అది స్థిరమైనదే. ఇంటి అప్పు వాయిదా నెలకు 45, వడ్డీ 9 శాతం, ఇంకా 11 ఏళ్లు కట్టాలి. తప్పనిసరి ఖర్చులు 65, మిగతా ఖర్చులు 25, పిల్లల చదువుకు మదుపు 20. బ్యాంకులో 380 ఉంది. అందులో 250 పెట్టి ఏఐ కోర్సులో చేరి, మంచి కంప్యూటర్ కొనమంటారా? లేక 300 తీసి ఇంటి అప్పుకు కట్టేయాలా? పెద్దవాడి కాలేజీకి నాలుగేళ్లే ఉంది, ఆ మదుపును ఏఐ కంపెనీల ఫండ్‌లోకి మార్చుకోవచ్చా?

జవాబు: మూడింటికీ ప్రస్తుతానికి వద్దనే చెబుతాను. ఎందుకో మీరు రాసిన అంకెలే చెబుతున్నాయి.

వాయిదా 45, తప్పనిసరి ఖర్చు 65 కలిపితే 110. మిగతా ఖర్చులు, మదుపు ఆపేసినా ఈ 110 మాత్రం ప్రతి నెలా కావాలి. మీ ఆదాయం పూర్తిగా ఆగిపోయిందనుకోండి. జీతం 90 వస్తుంది, నెలకు 20 లోటు, 380తో 19 నెలలు నెట్టుకురావచ్చు. అదే మీవారి జీతం ఆగితే మీ 68 మీదే ఇల్లు నడవాలి. లోటు 42, అంటే తొమ్మిది నెలలు. రెండూ ఒకేసారి ఆగితే మూడున్నర నెలలు. మీ ఆందోళనంతా మీ పని గురించే, కానీ ఇంటి బరువు ఎక్కువగా మోస్తున్నది ఆయన జీతం. ఇప్పుడు 250 ఖర్చు పెడితే మిగిలేది 130. ఆ 19 నెలలు ఆరున్నరకు, తొమ్మిది మూడుకు, మూడున్నర ఒక్క నెల చిల్లరకు పడిపోతాయి.

ఆయన ఉద్యోగం స్థిరమైనదన్నారు. అయినా ఇద్దరూ చేసేది తెర ముందు కూర్చుని అక్షరాలతో, అంకెలతో చేసే పనే. 1979లో విసికాల్క్ స్ప్రెడ్‌షీట్ వచ్చాక లెడ్జర్లలో అంకెలు రాసి కూడే పని తగ్గుతూ వచ్చింది, ఆ అంకెలను చదివి నిర్ణయానికి సాయపడే పని పెరిగింది. మీవారి రోజులో ఇన్‌వాయిస్‌ల నమోదు, పద్దుల సరిపోల్చడం ఎంత, అధికారులకు లెక్క వివరించి చెప్పడం ఎంత? ఇద్దరూ కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి. మొదటి రకమే ఎక్కువైతే స్థిరం అన్న మాట మీద భారం వేయకండి.

ఒకే గాలికి ఇద్దరి ఆదాయమూ ఊగే అవకాశం ఉన్న ఇంట్లో మూడు నుంచి ఆరు నెలల నిధి అనే మామూలు సూత్రం చాలదు. తొమ్మిది నెలలకు, అంటే 990కి గురిపెట్టండి. మిగతా ఖర్చులను 25 నుంచి 15కి, మదుపును 20 నుంచి 10కి తగ్గించండి. ఇప్పటికే నెలకు 3 మిగులుతోంది. అంతా కలిపి 23. ఈ లెక్కన ఆరు నెలల నిధి (660) సుమారు ఏడాదిలో చేరుతుంది, తొమ్మిది నెలలది రెండేళ్ల రెండు మూడు నెలలకు. నెమ్మదే, ఒప్పుకుంటాను. అందుకే ఉన్న 380ని కదపొద్దంటున్నాను.

ఇక మీ పని సంగతి. ఏ వృత్తి మిగులుతుంది, ఏది పోతుంది అన్న అంచనాలు చదివి నిర్ణయాలు తీసుకోకండి. అమెరికా ఉద్యోగాల్లో 47 శాతం యాంత్రీకరణ ముప్పులో ఉన్నాయని 2013లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఫ్రే, ఆస్బోర్న్ అంచనా వేశారు. ఉద్యోగాన్ని మొత్తంగా తీసుకోకుండా అందులోని పనులను విడివిడిగా చూసి 2016లో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ) కోసం చేసిన అధ్యయనం, 21 దేశాల సగటు 9 శాతమేనంది. లెక్కించే తీరు మారితే అంకె ఇంతగా మారుతుంది. మీ ఇంటికి పనికొచ్చేది ఆ రెండో పద్ధతి: వృత్తిని కాక, అందులోని ఒక్కో పనినీ కొలవడం.

ఎనిమిది వారాలు ఒక పట్టిక రాయండి. ఖాతాదారు, పాఠం రకం, పదాల సంఖ్య, పట్టిన గంటలు, ఎన్నిసార్లు తిరిగి దిద్దమన్నారు, చేతికొచ్చిన డబ్బు. ఎందుకంటే పదానికి ఇచ్చే రేటు చూసి నష్టమో లాభమో చెప్పలేం. నెలకు 40,000 పదాలు, 1000 పదాలకు 4 గంటలు అనుకుంటే పాత రోజుల్లో మీకు 1000 పదాలకు 2.5, గంటకు సుమారు 0.62 పడేది. ఇప్పుడు దిద్దే పనికి 1000 పదాలకు 1 ఇస్తున్నారు. అది గంటా 36 నిమిషాల్లో పూర్తయితే గంట సంపాదన పాతదే. మూడు గంటలు పడితే 0.33, అంటే సగం. పదాల సంఖ్య దగ్గర, గంటల దగ్గర మీ సొంత అంకెలు వేసుకోండి. ఇక్కడ ఇంకో మెలిక ఉంది: గంట రేటు నిలబడినా, నెల ఆదాయం పాత స్థాయిలో ఉండాలంటే పని రెండున్నర రెట్లు రావాలి. అంత పని వస్తోందా లేదా అన్నదీ ఆ పట్టికే చెబుతుంది.

గంటలు ఎక్కడ పెరుగుతాయో కూడా తెలుసుకోవాలి. యంత్రం ఇచ్చే వాక్యం సాఫీగా చదివిస్తుంది, కాబట్టి తప్పు కంటికి ఆనదు. "తెరవరాదు" అన్నచోట "తెరవండి" అని వచ్చేయడం, కొలత అంకె మారడం, ఒకే భాగానికి మూడు పేజీల్లో మూడు పేర్లు పడటం మాన్యువళ్లలో ప్రమాదకరం. అనువాదం ముందు చదివితే మనసు దానికే సర్దుకుంటుంది. అందుకే ముందు మూలం చదవండి, తర్వాతే అనువాదం. అంకెలకు, నిషేధాలకు, పారిభాషిక పదాలకు విడిగా ఒక్కోసారి పరిశీలన చేయండి. ఈ సమయమంతా పట్టికలో చేర్చండి. దాన్ని "చూసుకున్నాను" అని వదిలేసేవాళ్లే నష్టపోతారు.

ధర చెప్పే ముందు 500 పదాల నమూనా అడిగి, గంట లెక్కన కొటేషన్ ఇవ్వండి. యంత్రానువాదాన్ని మనిషి పూర్తిగా దిద్దే పనికి ఐఎస్‌ఓ 18587 అనే అంతర్జాతీయ ప్రమాణం 2017లో వచ్చింది. పూర్తిగా దిద్దాలా, అర్థమైతే చాలా అన్నది కాగితం మీద తేల్చుకోవడానికి దాన్ని ప్రస్తావించండి. రెండింటికీ ఒకే ధర ఇవ్వకండి. ఇచ్చిన పాఠం ఏఐ తయారుచేసిందైతే ముందే చెప్పాలన్న షరతు కూడా పెట్టండి. 2023లో అమెరికా సినిమా, టీవీ రచయితలు 148 రోజుల సమ్మె తర్వాత కుదుర్చుకున్న ఒప్పందంలో ఇలాంటి నిబంధనే ఉంది. మీ వెనక సంఘం లేకపోవచ్చు. అయినా కొటేషన్‌లో ఒక వాక్యం చేర్చడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కంప్యూటర్ దగ్గరికి వద్దాం. మీ పనికి వాడే ఏఐ పరికరాలు చాలావరకు ఎక్కడో సర్వర్ల మీద నడుస్తాయి, మీకు బ్రౌజర్ చాలు. గోప్యత ఒప్పందం ఉన్న పత్రాలను మాత్రం ఉచిత సేవల్లో అతికించకండి, ఒప్పందం ఉల్లంఘించినట్టు కావచ్చు. వాటికోసం సొంత కంప్యూటర్ మీదే ఏఐ నమూనా (మోడల్) నడపాలనుకున్నా, 700-800 కోట్ల పరామితుల (నమూనా నేర్చుకుని దాచుకున్న అంకెల) చిన్న నమూనాను ఒక్కో అంకె నాలుగు బిట్ల చోటులోనే పట్టేలా కుదిస్తే సుమారు 5 జీబీ మెమరీలో ఇమిడిపోతుంది. 16 జీబీ ఉన్న మామూలు యంత్రం మీద నెమ్మదిగా అయినా నడుస్తుంది. నాణ్యత పెద్దవాటంత ఉండదు, అది చూసుకునే దిగండి.

కోర్సుకైతే ఒకే పరీక్ష: పెట్టిన డబ్బు ఏడాదిలో తిరిగి రావాలి. కోర్సు ధర 110 అయితే నెలకు 9కి పైగా అదనపు ఆదాయం కావాలి. ఆ పని నేర్చుకుంటే ఇస్తామని మీ ఖాతాదారుల్లో కనీసం ఇద్దరు ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆగండి. చాట్‌జీపీటీ జనం చేతికొచ్చింది 2022 నవంబరు 30న. అప్పటి నుంచి ఈ పరికరాలు ఎంత వేగంగా మారుతున్నాయంటే, ఒక పరికరం బటన్లు నేర్పే కోర్సు ఏడాది తిరక్కుండానే పాతబడిపోవచ్చు. నెలకు 3 మించకుండా ఒక చందా తీసుకుని, చేతిలో ఉన్న పని మీదే నేర్చుకోండి. ఆ 3 కూడా తగ్గించిన 15లోంచే తీయండి. వైద్య పరికరాల మాన్యువళ్ల వంటి, తప్పు జరిగితే ఎవరో ఒకరు బాధ్యత వహించాల్సిన రంగంలో మీ పట్టు పెంచే శిక్షణ దొరికితే దానికి ఖర్చు పెట్టడం నాకు సబబనిపిస్తుంది.

ఇంటి అప్పు. మీ వాయిదా, వడ్డీ, కాలం బట్టి మిగిలిన అసలు సుమారు 3,760. ఇప్పుడు 300 కడితే 17 నెలల ముందే తీరుతుంది. వడ్డీ మిగులుతుంది, నిజమే. కానీ వచ్చే నెల వాయిదా అదే 45. కాలం అలాగే ఉంచి వాయిదా తగ్గించమన్నా తగ్గేది 3.6. దానికోసం దాదాపు మూడు నెలల ఇంటి ఖర్చు చేజారిపోతుంది, అవసరం వచ్చినప్పుడు బ్యాంకు దాన్ని వెనక్కి ఇవ్వదు. తొమ్మిది నెలల నిధి నిండాక మిగిలిందంతా అప్పుకే మళ్లించండి.

ఏఐ గెలిస్తే నా పని పోతుంది, ఆ కంపెనీల్లో వాటా ఉంటే నష్టం పూడుతుంది అన్నది మీ ఆలోచన కావచ్చు. తెలివైన ఆలోచనే. చిక్కల్లా సమయంతో. 2000 మార్చి 10న 5,000 దాటి శిఖరాన ఉన్న నాస్‌డాక్ సూచీ (టెక్నాలజీ షేర్లు ఎక్కువగా ఉండే అమెరికా మార్కెట్ సూచీ) 2002 అక్టోబరుకు దాదాపు 78 శాతం కోల్పోయింది, మళ్లీ ఆ ఎత్తు అందుకునేసరికి 2015 వచ్చింది. ఇంటర్నెట్ ప్రపంచాన్ని మార్చేసింది, మదుపరులకు మాత్రం 15 ఏళ్లు పట్టింది. నాలుగేళ్లలో కట్టాల్సిన ఫీజు అంతకాలం ఆగదు. పెద్దవాడి డబ్బును డిపాజిట్లకు, స్వల్పకాలిక రుణ ఫండ్లకు ఇప్పటి నుంచే ఏటా పాతిక శాతం చొప్పున మార్చండి. చిన్నవాళ్ల కోసం, మీ విశ్రాంత జీవితం కోసం పెట్టే పదేళ్లు పైబడిన మదుపులో ఏఐ ఫండ్ 5 శాతం మించనివ్వకండి. పెద్ద కంపెనీల సూచీ ఫండ్ ఉంటే అందులో ఆ కంపెనీలు ఇప్పటికే ఉండి ఉంటాయి, చూసుకోండి.

కుటుంబ ఆరోగ్య బీమా మీవారి సంస్థ నుంచే వస్తుంటే ఉద్యోగంతో పాటు అదీ పోతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడే సొంతంగా ఒకటి తీసుకోండి.

ఏదో ఒక ఆదాయం మూడు నెలలు వరసగా తగ్గి, మీ ఇద్దరి రాబడి కలిపి 125 కిందికి దిగితే మదుపు పూర్తిగా ఆపండి. 110కి చేరువైతే అప్పు కాలం పొడిగించమని బ్యాంకును అడగండి. ఒక్క వాయిదా కూడా తప్పకముందే వెళ్లాలి. తప్పాక వెళితే అదే బ్యాంకు వేరేలా మాట్లాడుతుంది.