ఒకే డిజైనర్ బట్ట, నగ, శిల్పం మూడూ ఎలా చేస్తారు?

మూడు వేరే పనుల్లా కనిపిస్తాయి గానీ స్టూడియోలో మొదలయ్యేది ఒకే చోట, మెటీరియల్‌ని చేత్తో పట్టుకుని ఇది ఎంత వంగుతుంది, ఎంత బరువు మోస్తుంది, వదిలేస్తే ఏ షేప్‌లో నిలబడుతుంది అని చూడటంలో. అమెరికన్ శిల్పి రూత్ అసావానే తీసుకోండి, 1947లో మెక్సికోలోని తొలూకాలో తీగతో బుట్టలు అల్లడం చూసి నేర్చుకుని అదే అల్లికతో పైనుంచి వేలాడే శిల్పాలు చేసింది, నాకైతే ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఆనీ ఆల్బర్స్ నేతకారిణి, కానీ 1940 ప్రాంతంలో తన విద్యార్థి అలెక్స్ రీడ్‌తో కలిసి సింక్ జల్లెడ, పేపర్ క్లిప్పులతో నెక్లెస్ చేసింది.

అసలు తేడా తెలిసేది దారం బదులు తీగ పట్టుకున్నప్పుడే. దారం ఎన్నిసార్లు విప్పి అల్లినా పెద్దగా ఏమనదు, రాగి, వెండి తీగలు మాత్రం వంచేకొద్దీ గట్టిపడి చివరికి పుటుక్కున తెగిపోతాయి, అందుకే మధ్యలో కాల్చి మళ్ళీ మెత్తబరచాలి. అందుకని ముందు అరచేతంత శాంపిల్స్ బోలెడు చేస్తారు, అందులో చాలావరకు పక్కకే పోతాయి, ఒకటి మెడలో బాగుంటే నగ, పెద్దది చేస్తే నిలబడగలిగితే శిల్పం.