పాముల ఎంజైముల మీద రీసెర్చ్ చేస్తే బతుకుతెరువు ఉంటుందా?

ఓ తండ్రి ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ, కెమిస్ట్రీ రెండో ఏడు. పాములు, తాబేళ్ల జీర్ణ ఎంజైములు ఎలా మారుతూ వచ్చాయో పరిశోధన చేస్తానంటోంది. బీఈడీ చేయమంటే వినట్లేదు.

జవాబు: టెన్షన్ పడకండి సార్. పాముల ఎంజైముల నిపుణులు కావాలని పేపర్లో ప్రకటన రాదు, నిజమే. కానీ ఆ పని కోసం నేర్చుకునే విద్యకి హైదరాబాద్ దగ్గర బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీలో గిరాకీ ఉంది. ప్రోటీన్‌ని ట్రిప్సిన్‌తో ముక్కలు చేస్తారు (అదీ జీర్ణ ఎంజైమే, ప్రోటీన్లో పూసల్లా వరుసగా ఉండే అమైనో ఆమ్లాల్లో లైసిన్, ఆర్జినిన్ తర్వాత మాత్రమే కోస్తుంది), ఆ ముక్కల బరువు, అణువుల్ని తూచే యంత్రమైన మాస్ స్పెక్ట్రోమీటర్‌లో చూసి అమైనో ఆమ్లాల వరుస రాబడతారు. బయోసిమిలర్ (పాత ప్రోటీన్ మందులకి దగ్గరి పోలికతో తయారుచేసే) మందుల కంపెనీల్లో పెప్టైడ్ మ్యాపింగ్ అంటే ఇదే.

మీ అమ్మాయి పట్టుకున్న పరిశోధన ప్రశ్న కూడా తేలికైనది కాదండీ. నాగుపాము విషంలోని ఫాస్ఫోలైపేజ్ ఏ2, మన క్లోమం కొవ్వు అరగడానికి వదిలే ఫాస్ఫోలైపేజ్, రెండూ ఒకే కుటుంబం. గిలా మాన్‌స్టర్ అనే బల్లి విషంలో 1992లో దొరికిన ఎక్సెండిన్-4 అనే పదార్థం నుంచే అమెరికాలో 2005లో షుగర్ మందు వచ్చింది.

అమ్మాయికి ఒక పని చెప్పండి. ప్రోటీన్ల వరుసలు దొరికే యూనిప్రాట్ వెబ్‌సైట్ ఉచితమే, అందులో ఆవు క్లోమంలోని రైబోన్యూక్లియేజ్ (ఆర్ఎన్ఏని కోసే ఎంజైమ్), స్నాపింగ్ టర్టిల్ అనే అమెరికా తాబేలు రైబోన్యూక్లియేజ్ వరుసలు తీసి పక్కపక్కన పెట్టి సిస్టీన్లు (గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు, రెండు కలిస్తే ఒక వంతెన) లెక్కపెట్టమనండి. ఆవుకి 8, తాబేలుకి 6, అంటే గంధకపు వంతెన ఒకటి తక్కువ. అది చూసి ఎందుకలా అని తవ్వుకుంటూ కూర్చుందా, ఈ దారి ఆమెదే. విసుగొచ్చి లేచిపోయిందా, ఆమెకి ఇష్టం పాములంటే, అప్పుడు వైల్డ్‌లైఫ్ కోర్సులు చూద్దాం. సొంతంగా పాముల్ని పట్టడం మాత్రం వద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది.

దారి విషయానికొస్తే, సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీకి ప్రయత్నించాలి, తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకి 37,000, ఇంటద్దె భత్యం అదనం, హైదరాబాద్ సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థలో పీహెచ్‌డీకి అప్లై చేయొచ్చు. అక్కడ ఐదారేళ్లు పడుతుంది, మధ్యలో పెళ్లి పెళ్లి అని తొందరపెట్టకపోతే మీరు చేసే పెద్ద సాయం అదే. జేఆర్ఎఫ్ రాకపోయినా ఎమ్మెస్సీతో, మాస్ స్పెక్ చేతికొస్తే, కంపెనీ ల్యాబుల్లో ప్రయత్నించొచ్చు. బీఈడీ ఎక్కడికీ పోదు, తర్వాతైనా చేయొచ్చు.