పవర్ సప్లై మార్చాక డిస్కులు కాలిపోతే నష్టం ఎవరు కట్టాలి?

ప్రశ్న: మాది కరీంనగర్. సొంతంగా పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకుంటూ బతుకుతున్నాను. 2018లో కట్టించుకున్న గేమింగ్ పీసీ ఉంది. పగలు ఎడిటింగ్, రాత్రి గేములు, అన్నీ దాని మీదే. జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు తీసేసి ఆర్‌టీఎక్స్ 3060 వేయించుకుందామని సికింద్రాబాద్‌లో ఒక షాపుకు సిస్టమ్ తీసుకెళ్లాను. లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే పాత 500 వాట్ల పవర్ సప్లై చాలదని 650 వాట్లది కూడా అమ్మారు. రెండూ కలిపి 32,500 రూపాయలు, బిల్లు ఇచ్చారు. బిగించినందుకు 700 యూపీఐలో తీసుకున్నారు, దానికి బిల్లు లేదు. ఆన్ చేయగానే కాలిన వాసన వచ్చింది. డిస్‌ప్లే వచ్చింది కానీ విండోస్ రాలేదు. "విండోస్ మళ్లీ వేసుకోండి" అని పంపేశారు. ఇంటికొచ్చాక చూస్తే ఫైళ్లు దాచుకునే హార్డ్ డిస్కు, ఎస్‌ఎస్‌డీ రెండూ పోయాయి. ఇక్కడ తెలిసిన టెక్నీషియన్ విప్పి చూసి, డిస్కులకు పాత పవర్ సప్లై కేబుళ్లనే ఉంచి కొత్తదానికి గుచ్చారని చెప్పాడు. షాపువాళ్లేమో సిస్టమ్ పాతది, డిస్కులు వాటంతట అవే పోయాయంటున్నారు. కస్టమర్ సామానుకు బాధ్యత లేదని బిల్లు మీద అచ్చేసి ఉంది. పవర్ సప్లై కంపెనీ తనకు సంబంధం లేదంది. డేటా రికవరీకి 30,000 అడుగుతున్నారు. ఎవరి మీద కేసు వేయాలి?

జవాబు: షాపు మీద. కంపెనీని ఇందులోకి లాగకండి. దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు, కేసు మాత్రం సాగుతుంది.

మీ టెక్నీషియన్ చెప్పింది నిజమైతే జరిగిందేమిటో తేలిగ్గానే అర్థమవుతుంది. విడదీసే కేబుళ్లున్న పవర్ సప్లైలలో డిస్కు వైపు ఉండే ప్లగ్ అన్ని కంపెనీలదీ ఒకటే. పవర్ సప్లై వైపు ఉండే సాకెట్‌కు మాత్రం అలాంటి ప్రమాణం లేదు. ఏ పిన్నులో 12 వోల్టులు, ఏ పిన్నులో 5 వోల్టులు అన్నది కంపెనీని బట్టి, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌ని బట్టి మారుతుంది. పాత కేబుల్ కొత్తదాంట్లో చక్కగా దిగొచ్చు. అప్పుడు 5 వోల్టులు వెళ్లాల్సిన తీగలో 12 వోల్టులు వెళ్తే డిస్కు ఆ క్షణంలోనే పోతుంది. ఈ పని రోజూ చేసేవాళ్లకు తెలిసి తీరాల్సిన సంగతి ఇది.

షాపువాళ్లు మీకు అమ్మిన వస్తువుల్లో తప్పు లేదని కూడా గమనించండి. 3060 కార్డు 170 వాట్ల దాకా లాగుతుంది, ఆ చిప్ తయారుచేసే ఎన్విడియా దానికి 550 వాట్ల పవర్ సప్లై సూచిస్తుంది. కాబట్టి 500 వాట్లది మార్చమనడం సరైన సలహానే. "అనవసరంగా 650 అంటగట్టారు" అని ఫిర్యాదులో రాస్తే అవతలి వకీలు ఆ ఒక్క మాట పట్టుకుని వాయిదాలన్నీ గడిపేస్తాడు. మీ ఫిర్యాదు కార్డు గురించి కాదు, వాట్ల గురించి కాదు. బిగించిన పని గురించి.

2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఇలాంటి పనిని సేవా లోపం అంటారు, సెక్షన్ 2(11). దానికి తోడు మీకు సెక్షన్ 86 ఉంది. చాలామంది ఫిర్యాదుదారులు దీన్ని వదిలేస్తారు. వస్తువును తయారు చేయకపోయినా, దాన్ని అమ్మిన వ్యాపారి బిగింపులో తగిన జాగ్రత్త తీసుకోకపోతే, లేదా తయారీదారు ఇచ్చిన హెచ్చరికలను కొన్నవాడికి చేరవేయకపోతే, దానివల్ల జరిగిన హానికి అతనే బాధ్యుడని ఆ సెక్షన్ చెబుతుంది. హాని అంటే కొన్న వస్తువుకు జరిగినది కాదు, దానివల్ల మీ ఇతర ఆస్తికి జరిగినది. మీ డిస్కులు సరిగ్గా ఆ కోవలోకే వస్తాయి.

కంపెనీని వదలమన్నది కూడా ఇందుకే. పవర్ సప్లై పెట్టెలో వచ్చిన మాన్యువల్ తెరిచి చూడండి. వెంట వచ్చిన కేబుళ్లే వాడాలని చాలా కంపెనీలు అందులో హెచ్చరిస్తాయి. వస్తువులో లోపం లేనప్పుడు, ఎలా వాడాలో సరిగ్గా హెచ్చరించినప్పుడు తయారీదారును సెక్షన్ 84 కింద పట్టుకోవడం కష్టం. అదే పేజీ షాపు మీద మాత్రం మీకు పనికొస్తుంది. జిరాక్స్ తీసి ఫిర్యాదుకు జత చేయండి.

బిల్లు మీద అచ్చేసిన ఆ వాక్యానికి భయపడకండి. మీ క్యాబినెట్‌ను పనికోసం షాపుకు అప్పగించినప్పుడు కాంట్రాక్ట్ చట్టం 1872 సెక్షన్ 151 ప్రకారం, తన సొంత వస్తువును మామూలు తెలివిగల మనిషి ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త వాళ్లు తీసుకోవాలి. పని అయ్యాక చేతిలో పెట్టిన బిల్లు అడుగున సన్నటి అక్షరాల్లో ఉన్న మాట మీరు ఒప్పుకున్న షరతు అనిపించుకోవడం కష్టం. పని మొదలుపెట్టకముందే అలాంటి కాగితం మీద మీ సంతకం తీసుకుని ఉంటే వ్యవహారం కొంచెం వేరు. అలా జరిగితే ఫిర్యాదులో మీరే ముందుగా చెప్పేయండి, దాచకండి.

700కు బిల్లు లేకపోవడం టెన్షన్ పడాల్సిన విషయం కాదు. యూపీఐ రసీదులో తేదీ, వేళ, వాళ్ల పేరు ఉంటాయి. ఉచితంగా చేసిన సేవ ఈ చట్టం కిందికి రాదు కాబట్టి, "అభిమానంగా బిగించి ఇచ్చాం" అని వాళ్లు అనకుండా ఆ 700 అడ్డుకట్ట వేస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం వాళ్ల తప్పు. దాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా అదే చట్టం లెక్కగడుతుంది.

వాళ్లు లేవనెత్తబోయే మొదటి అభ్యంతరం నాకు తెలిసి ఇది: "ఇతను వినియోగదారుడే కాదు, సిస్టమ్‌తో వ్యాపారం చేస్తున్నాడు." వాణిజ్య అవసరానికి కొన్నవాళ్లను చట్టం బయట పెట్టిన మాట నిజమే. కానీ స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి వాడుకునేవాళ్లకు మినహాయింపు ఉంది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరించింది. ఒకరిద్దరి సాయం తీసుకున్నంత మాత్రాన ఆ మినహాయింపు పోదు. "ఈ కంప్యూటర్ మీద స్వయంగా పనిచేసుకుని జీవిస్తున్నాను" అనే వాక్యం ఫిర్యాదు మొదటి పేరాలోనే ఉండాలి. గేములు ఆడతానని రాయడానికి సిగ్గుపడనక్కర్లేదు, అది సొంత వాడకమే.

ఇక సాక్ష్యం. కేసు గెలిచేది, ఓడేది ఇక్కడే. ఈరోజు నుంచి, కింద చెప్పిన వోల్టేజీ కొలతకు తప్ప, క్యాబినెట్‌కు కరెంటు ఇవ్వకండి. ఆ కేబుళ్లు ఎలా గుచ్చి ఉన్నాయో అలాగే ఉంచి, లేదా మీ టెక్నీషియన్ ఇప్పటికే తీసి ఉంటే వాటిని విడిగా కవర్లో పెట్టి, ఫొటోలు, వీడియో తీయండి. పవర్ సప్లై పెట్టెలో వచ్చిన, డిస్కులకు కరెంటిచ్చే సాటా కేబుళ్లు చుట్ట విప్పకుండా అలాగే ఉన్నాయేమో చూడండి. ఉంటే అంతకన్నా గట్టి సాక్ష్యం మీకు అక్కర్లేదు, ఎందుకంటే వాటిని వాడనేలేదని అవే చెబుతాయి. మీ టెక్నీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించి పాత కేబుల్ ఏ పిన్నులో ఏ వోల్టేజీ ఇస్తోందో కొలిపించి, అతని పేరున నోటరీ అఫిడవిట్ తీసుకోండి. సేవా లోపం ఫిర్యాదుల్ని వినియోగదారుల కమిషన్ ఎక్కువగా అఫిడవిట్ల మీదే తేలుస్తుంది. ఊళ్లో స్నేహితుడు కదా అని నోటిమాటతో సరిపెట్టుకుంటే తర్వాత అతను దొరకడు.

డిస్కులు అంతకుముందు బాగానే పనిచేశాయని కూడా చూపించాలి. షాపుకు వెళ్లే ముందు రోజుల్లో ఎడిట్ చేసి పంపిన వీడియోలు, అప్‌లోడ్ చేసిన ఫైళ్ల తేదీలు చాలు. షాపుతో వాట్సాప్‌లో మాట్లాడి ఉంటే ఆ చాట్ జోడించండి. దాంతోపాటు భారతీయ సాక్ష్య అధినియమం 2023 సెక్షన్ 63 కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇవ్వాల్సిన సర్టిఫికెట్ కూడా పెట్టండి. "సిస్టమ్ తీసుకురండి, చూస్తాం" అని షాపువాళ్లు పిలిస్తే ఊరికే వదిలి రాకండి. ఇవ్వక తప్పదనుకుంటే లోపలి ప్రతి వస్తువు సీరియల్ నంబర్ రాసిన రసీదు మీద వాళ్ల సంతకం, స్టాంపు తీసుకోండి.

డేటా విషయంలో ఎక్కువ ఆశ పెట్టకూడదు. డిస్కుల ధర, వృథాగా పోయిన 700, మానసిక ఇబ్బందికి, ఖర్చులకు కొంత మొత్తం రావడం కష్టం కాదు. డేటా రికవరీ 30,000 కూడా కొటేషన్ జతచేసి అడగండి, అది నేరుగా ఈ తప్పువల్లే వచ్చిన ఖర్చు. పెళ్లివాళ్లు అడ్వాన్సు వెనక్కి అడిగారు, రెండు ఆర్డర్లు పోయాయి అంటే మాత్రం అది దూరపు నష్టమని కమిషన్ కొట్టేసే అవకాశం ఎక్కువ. బ్యాకప్ ఎందుకు పెట్టుకోలేదని కూడా అడుగుతారు, సమాధానం సిద్ధం చేసుకోండి.

ముందుగా జరిగింది, మీరు అడిగే మొత్తం రాసి, 15 రోజుల గడువుతో షాపుకు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. కొన్ని షాపులు అక్కడికే దిగొస్తాయి. దిగిరాకపోతే కేసు వేయడానికి సికింద్రాబాద్ దాకా తిరగనక్కర్లేదు. మీరు నివసించే చోటే వేయొచ్చని సెక్షన్ 34 చెబుతుంది కాబట్టి కరీంనగర్ జిల్లా కమిషన్ చాలు. వినియోగదారుల కేసులు వేసే ప్రభుత్వ ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటలేదు కనుక ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. సంఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. కమిషన్ పంపే నోటీసు అందాక షాపుకు జవాబివ్వడానికి 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజులు.

నోటీసు అందాక చాలా షాపులు చేసే పని ఒకటుంది. రెండు కొత్త డిస్కులు చేతిలో పెట్టి, "ఇక ఏ క్లెయిమూ లేదు" అని రాసిన కాగితం మీద సంతకం అడుగుతారు. మీకు డిస్కులే ముఖ్యమైతే తీసుకోండి, ఇందులో తప్పేమీ లేదు. రికవరీ ఖర్చు కూడా కావాలనుకుంటే, "డిస్కులు అందాయి, డేటా రికవరీ ఖర్చు ఇంకా తేలాలి" అని మీ చేత్తో రాసి, ఒక కాపీ తీసుకున్నాకే సంతకం పెట్టండి.