నాలుగేళ్ల పాపకు వంటింట్లో ఏ పని ఇవ్వొచ్చు?

మీ 4 ఏళ్ల పాప "నేనూ చేస్తా" అంటూ వంటింట్లో కాళ్లకు అడ్డం పడుతోందని, కాలుతుందేమో తెగుతుందేమోనని టెన్షన్‌గా ఉందని రాశారు. మా ఇంట్లో ఇద్దరు. పెద్దదానికి 11, చిన్నవాడికి 7. ఇద్దరినీ మొదట్లో బయటకు పంపేసేదాన్నే. నేను అటు తిరగ్గానే మళ్లీ వచ్చేవాళ్లు. దొంగచాటుగా వచ్చే పిల్లల కంటే కళ్లెదుట పని చేసుకునే పిల్లలే నయమనిపించి రానిచ్చాను.

ముందు నా తప్పు ఒకటి చెబుతాను. మా పాపకు 6 ఏళ్లప్పుడు, ఉడికిన బంగాళదుంపల గిన్నె దించి గట్టు మీద పెట్టాను. స్టవ్ ఆపేశాగా, ఇంకేం భయం అనుకున్నాను. ఈలోగా ఫోన్ మోగింది. మాట్లాడుతూ అటు తిరిగానో లేదో, అది స్టూలెక్కి మూతను తన వైపుకే ఎత్తింది. ఆవిరి మణికట్టు మీద కొట్టింది. మంట గురించి, వేడినీళ్ల గురించి వందసార్లు చెప్పాను గానీ ఆవిరి సంగతి నాకే తట్టలేదు.

చెయ్యి కుళాయి కింద 20 నిమిషాలు పెట్టించాను. ఏడ్చే పిల్లతో 20 నిమిషాలంటే మాటలు కాదు, రెండు కథలు చెప్పాల్సి వచ్చింది. ఇంట్లో ఒకరు ఐస్ తెచ్చారు, ఇంకొకరు టూత్‌పేస్ట్ తెచ్చారు. రెండూ వద్దు. ఐస్ కాలిన చర్మాన్ని ఇంకా పాడుచేస్తుంది, పేస్ట్ గాయాన్ని రేపుతుంది. మాది చిన్న బొబ్బతో పోయింది. పెద్దగా కాలినా, ముఖం మీదో చేతివేళ్ల మీదో కాలినా, నీళ్ల కింద పెట్టాక ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి.

ఆ రోజు నుంచి నియమాలు పిల్లల కంటే నాకే ఎక్కువ. వాళ్లు లోపల ఉన్నంతసేపు ఫోన్ బయటే. హడావిడి పడే పొద్దుటిపూట పని ఇవ్వను. సెలవు రోజున, ఇంకా ఎవరికీ ఆకలి కాకముందు, ఒక్కొక్కరికి ఒక్కటే పని.

మీ పాప వయసుకు కాయలు కడగడం, ఆకులు తుంచడం, చల్లారిన దుంపలు మెదపడం చాలు. గుడ్డు పగలగొట్టడమంటే పిల్లలకు పండగే. విడిగా చిన్న గిన్నెలో కొట్టించండి. పెంకు ముక్క పడితే వేలితో తీయబోతే జారిపోతుంది, సగం పెంకుతో తీస్తే ఇట్టే వస్తుంది. అయ్యాక సబ్బుతో చేతులు కడిగించాలి. పచ్చి గుడ్డే కాదు, పచ్చి పిండి కూడా నాకనివ్వకండి, అందులోనూ క్రిములుండొచ్చు. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మావాళ్లకు 5 ఏళ్లప్పుడు వెన్న రాసే చాకుతో అరటిపండు కోయించాను. నిజం చాకు 7 నిండాకే. మొద్దు కత్తి అయితే భయం లేదనుకుంటాం గానీ, గట్టి కాయ మీద అది తెగక జారి వేలి మీదకొస్తుంది. కాయను ముందు నేనే రెండు చెక్కలు చేసి ఇస్తాను. కోసిన వైపు కిందకు పెడితే దొర్లదు. కాయ పట్టుకున్న చేతి వేళ్ల కొసలు లోపలికి ముడవాలి. మావాడు దీనికి "పిల్లి పంజా" అని పేరు పెట్టాడు, నేను "పంజా!" అంటే చాలు, వేళ్లు ముడుస్తాడు. బోర్డు కింద తడిగుడ్డ వేస్తే కదలదు.

స్టవ్ అన్నిటికంటే చివర. దానికి మీటరు దూరంలో నేల మీద రంగు టేపు అతికించాను, చిన్నవాడు అది దాటకూడదు. గిన్నెల పిడులు ఎప్పుడూ వెనక్కి తిప్పే ఉంటాయి. మా పాప ఇప్పుడు పొడిగుడ్డతో గిన్నె పట్టుకుంటుంది (తడిగుడ్డయితే వేడి వెంటనే చేతికి తగులుతుంది), మూతను అవతలి వైపుకు ఎత్తుతుంది. కాగే నూనె దగ్గరకు మాత్రం ఇంకా రానివ్వను.

ఎవరూ చెప్పనిది ఒకటుంది. వంటింటి తూకం మెషిన్‌లో బిళ్ల బ్యాటరీ ఉంటే దాని మూత గట్టిగా ఉందో లేదో చూడండి. పిల్లలు మింగితే కొన్ని గంటల్లోనే గొంతు లోపల కాల్చేస్తుంది.

రేపు మీ పాపకు ఒక గిన్నెలో నీళ్లు, నాలుగు టమాటాలు ఇచ్చి చూడండి. పాత తువ్వాలు ముందే నేల మీద పరవండి. ఆ తడిలో జారిపడేది మనమే.