కార్బన్ ఫ్రేమ్ వాయిదాల్లో వద్దు, మోకాళ్ల ప్యాడ్లు ఈ నెలలోనే కొనండి

ప్రశ్న: నా వయసు 28. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం. చేతికొచ్చేది నెలకు రూ.78,000. అద్దె 19,000, కర్నూలులో అమ్మానాన్నలకు 15,000, పర్సనల్ లోన్ వాయిదా 9,400 (ఇంకా 11 నెలలుంది), నా ఖర్చులు 16,000. బ్యాంకులో రూ.1.60 లక్షలున్నాయి. ఆదివారాలు స్నేహితుడి సైకిల్ తీసుకుని తురహళ్లి, అవలహళ్లి ట్రైల్స్‌కు వెళ్తుంటాను. ఇప్పుడు సొంతంగా మౌంటెన్ బైక్ కొనాలనుంది. షాపులో రూ.1.40 లక్షల కార్బన్ హార్డ్‌టెయిల్ (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండేది) చూపించి, 12 నెలల నో-కాస్ట్ ఈఎంఐ అన్నారు. అక్కడే రూ.62,000కు అల్యూమినియం ఫ్రేమ్‌దీ ఉంది. హెల్మెట్ పాతది ఒకటుంది. ప్యాడ్లు, బట్టలు మెల్లగా కొనుక్కోవచ్చనుకుంటున్నాను. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 82 కిలోలు. ఏది కొనమంటారు?

జవాబు: రూ.62,000 సైకిలే కొనండి. అదీ ఇప్పుడే కాదు, ఎనిమిదో నెలలో. ఈ నెల కొనాల్సినవి మీరు మెల్లగా చూద్దామనుకున్న హెల్మెట్, ప్యాడ్లే. సైకిల్ ఎవరిదైనా కిందపడేది మీరే కదా.

ముందు లెక్క చూద్దాం. మీకు తప్పనిసరి ఖర్చులు నెలకు రూ.59,400. మిగులు రూ.18,600. మూడు నెలల ఖర్చులకు అత్యవసర నిధి అంటే రూ.1,78,200 ఉండాలి. మీ దగ్గరున్నది రూ.1.60 లక్షలు, అంటే అదింకా నిండలేదు. కాబట్టి బ్యాంకులో ఉన్నదాన్ని సైకిల్ కోసం కదపొద్దు. దాంతో పర్సనల్ లోన్ తీర్చేయాలని కూడా చూడకండి. చివరి 11 వాయిదాల్లో ఎక్కువ భాగం అసలే ఉంటుంది. ముందే తీరిస్తే మిగిలే వడ్డీ తక్కువ, దాన్నీ ఫోర్‌క్లోజర్ ఛార్జీ తినేయవచ్చు.

ఇక నో-కాస్ట్ సంగతి. బ్యాంకు మామూలుగానే వడ్డీ వేస్తుంది, ఆ వడ్డీ మేరకు షాపో కంపెనీయో ధర తగ్గిస్తుంది. రూ.1.40 లక్షలను 12 వాయిదాలు చేస్తే నెలకు రూ.11,667. బ్యాంకు రేటు 15 శాతం అనుకుంటే ఇందులో వడ్డీ భాగం దాదాపు రూ.10,740. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే సుమారు రూ.1,930, మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు దానికి అదనం. అన్నిటికన్నా పెద్ద నష్టం పైకి కనిపించదు: ఒకేసారి డబ్బు కడతానంటే షాపువాళ్లు తగ్గించే మొత్తం వాయిదాల్లో మీకు దక్కదు. రెండు ధరలూ కాగితం మీద రాయించుకుని పోల్చండి. ఈ వాయిదాలు క్రెడిట్ కార్డు మీదైతే, ఏదో ఒక నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే చాలా కార్డుల్లో నెలకు 3 నుంచి 3.75 శాతం వడ్డీ మొదలవుతుంది. అన్నట్టు, సైకిళ్లు, వాటి విడిభాగాల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతమే. పాత స్టాకు పాత ధరకే అంటగడుతున్నారేమో బిల్లులో చూసుకోండి.

కార్బన్ ఫ్రేమ్ చెడ్డదని కాదు. తేలిక, గట్టిది, బాగా చేస్తే దశాబ్దం నడుస్తుంది. కానీ తురహళ్లి లాంటి రాళ్ల బాటలో రాయి ఫ్రేము కింది గొట్టానికి (డౌన్‌ట్యూబ్) తగిలితే పైన చిన్న గీతే కనిపించి, లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. సీటు క్లాంపు, హ్యాండిల్ బోల్టులు వాటి మీద రాసిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించాలి. చాలావాటికి అది 5 న్యూటన్ మీటర్ల దరిదాపు. చేతి అంచనాతో బిగిస్తే చిట్లుతుంది. వారంటీ సాధారణంగా తయారీ లోపానికే గానీ పడిపోవడానికి కాదు, అదీ మొదటి యజమానికే. తిరిగి అమ్మేటప్పుడు కొనేవాళ్ల భయమంతా అక్కడే. అందుకే వాయిదా తీరకముందే విలువ పడిపోయే వస్తువుల్లో ఇదొకటి.

అల్యూమినియం దెబ్బతింటే ఎక్కువగా సొట్టగానో, అతుకుల దగ్గర పగులుగానో బయటికి కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: వీధి చివరి వెల్డింగ్ షాపులో అతికించొద్దు. 6061 అల్యూమినియం ఫ్రేముకు వెల్డింగ్ తర్వాత వేడితో గట్టిపరచే ప్రక్రియ చేస్తేనే బలం వస్తుంది. మళ్లీ వెల్డు పెడితే ఆ చుట్టుపక్కల మెత్తబడి, కొత్త అతుకు పక్కనే విరుగుతుంది. 4130 క్రోమోలీ స్టీలు ఫ్రేమును మాత్రం తెలిసినవాళ్లు నమ్మకంగా అతకగలరు, కానీ బరువెక్కువ, మన షాపుల్లో దొరికేదీ తక్కువ.

రూ.62,000 సైకిల్ దగ్గరికి వెళ్లినప్పుడు ఫ్రేము రంగు కాదు, నాలుగైదు కొలతలు అడగండి. హెడ్‌ట్యూబ్ (ఫ్రేము ముందు కొసన ఉండే గొట్టం) టేపర్డ్‌గా ఉందా, అంటే పైన 1⅛ అంగుళాలు, కింద 1½? అలా ఉంటే రేపు మంచి ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టే సస్పెన్షన్ కాళ్లు) వేసుకోవచ్చు. పైనా కిందా ఒకటే అయితే దొరికే ఫోర్కులు చాలా తక్కువ. వెనక చక్రానికి త్రూ-యాక్సిల్ (చక్రం మధ్యలోంచి దూరే గట్టి ఇరుసు) 12×148 మిల్లీమీటర్లు ఉంటే మేలు, పాత క్విక్ రిలీజ్ 135 అయితే మంచి చక్రాలు దొరకడం కష్టమవుతుంది. బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే బేరింగు) మరలదైతే దుమ్ముకు కిర్రుమనడం తక్కువ, మార్చడం తేలిక. డిరైలర్ హ్యాంగర్ (వెనక గేర్లు మార్చే భాగాన్ని ఫ్రేముకు పట్టే ముక్క) విడిగా ఊడేదై ఉండాలి, దాంతోపాటు ఒకటి అదనంగా అప్పుడే తీసుకోండి. అది ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారంలో ఉంటుంది. రెండేళ్ల తర్వాత ఆ మోడల్ ఆగిపోయాక వెతుక్కుంటే కొన్ని వందల ముక్క కోసం సైకిల్ నెలంతా మూలన పడుతుంది.

మీ ఎత్తుకు చాలా కంపెనీల్లో ఎం సైజు వస్తుంది, కానీ కంపెనీ కంపెనీకీ తేడా ఉంటుంది కాబట్టి అక్షరాన్ని నమ్మకండి, రీచ్ కొలత (పెడళ్ల ఇరుసు నుంచి హెడ్‌ట్యూబ్ పై కొస దాకా అడ్డంగా ఉండే దూరం) చూడండి. బూట్లతో టాప్‌ట్యూబ్ (ఫ్రేము పై గొట్టం) మీదుగా నిలబడితే కనీసం 5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. తప్పు సైజును స్టెమ్ (హ్యాండిల్‌ను పట్టే ముక్క) మార్చి ఒకటి రెండు సెంటీమీటర్ల దాకా సర్దుకోవచ్చు, అంతకు మించి కాదు. తగ్గింపు ఉందని ఎల్ సైజు అంటగడితే వద్దనేయండి.

మీ 82 కిలోల బరువుకు ఫోర్క్ ముఖ్యం. చవక కాయిల్ ఫోర్కులో ఉండే స్ప్రింగ్ సగటు బరువు కోసం వేసింది. మీకు అది అడుగంటా కుంగి ఠప్‌మని తగులుతుంది. ఎయిర్ ఫోర్క్ అయితే పంపుతో గాలి సర్ది, మీరు ఎక్కి కూర్చున్నప్పుడు ట్రావెల్‌లో (ఫోర్క్ కుంగగల మొత్తం దూరంలో) 20–25 శాతం కుంగేలా పెట్టుకోవచ్చు. 100–120 మిల్లీమీటర్ల ట్రావెల్ చాలు. రూ.62,000 మోడల్లో కాయిల్ ఫోర్కే ఉంటే, మరో ఐదారు వేలు వేసి ఎయిర్ ఫోర్క్ ఉన్నది చూడడం కార్బన్‌కు రెట్టింపు పెట్టడం కంటే ఎన్నో రెట్లు మేలు. ఈ ధరలో వెనకా సస్పెన్షన్ ఉన్న సైకిల్ చూపిస్తే చూడనైనా చూడొద్దు: బరువెక్కువ, తొక్కితే ఊగుతుంది, కీళ్లలో బేరింగుల ఖర్చు వేరే.

ఇంకో మాట. మీ తిరుగుడులో సగం నంది కొండ ఎక్కడమే అయితే ఇదేదీ అక్కర్లేదు, అది తారు రోడ్డు, సన్న టైర్ల సైకిల్ చాలు. ట్రైల్స్ కోసమే అయితే అటవీ శాఖ అనుమతి ఏ రోజుల్లో, ఏ వేళల్లో ఉందో తెలుసుకుని వెళ్లండి.

ఇప్పుడు ఈ నెల కొనాల్సినవి. మిగులు రూ.18,600లో రూ.17,000 వీటికే. హెల్మెట్‌కు 5,500: వెనక తలను కిందిదాకా కప్పే ట్రైల్ రకం, లోపల ఈఎన్ 1078 (యూరప్ ప్రమాణం) లేదా సీపీఎస్‌సీ (అమెరికా ప్రమాణం) ముద్ర ఉన్నది. చదునైన దిమ్మె మీద పరీక్షించేటప్పుడు మొదటిదానికి హెల్మెట్‌ను దాదాపు 1.5 మీటర్ల ఎత్తు నుంచి పడేస్తారు, రెండోదానికి 2 మీటర్ల నుంచి. పక్కవాటు దెబ్బకు తల తిరిగిపోవడాన్ని తగ్గించే మిప్స్ పొర ఉంటే మంచిది. ఐఎస్ఐ ముద్ర కోసం వెతక్కండి, ఆ ఐఎస్ 4151 ప్రమాణం మోటారు ద్విచక్ర వాహనాలది. పట్టీ పెట్టకుండా తల ఊపితే హెల్మెట్ కదలకూడదు. అంచు కనుబొమ్మలకు రెండు వేళ్ల పైన ఉండాలి. పట్టీలు చెవి కిందే కలవాలి. మీ పాతది ఎప్పుడైనా నేలకు గట్టిగా తగిలి ఉంటే పారేయండి. లోపలి ఫోమ్ ఒక్కసారే నలుగుతుంది, పైకి తెలియదు. సెకండ్ హ్యాండ్ హెల్మెట్ కొనకూడనిదీ అందుకే.

మోకాళ్లకు 4,000, మోచేతులకు 2,000. లేబుల్ మీద ఈఎన్ 1621-1 (దెబ్బను ఆపే ప్యాడ్ల యూరప్ ప్రమాణం) చూడండి. లెవెల్ 1 అంటే దెబ్బలో సగటున 35 కిలోన్యూటన్ల లోపు, లెవెల్ 2 అంటే 20 లోపు మాత్రమే లోపలికి వెళ్తుంది. లెవెల్ 2 మందంగా, ఉక్కగా ఉండి చాలామంది బ్యాగులోనే ఉంచేస్తారు. రోజూ వేసుకునే లెవెల్ 1 దానికన్నా నయం. షాపులోనే వేసుకుని ఇరవైసార్లు గుంజీలు తీయండి, జారితే సైజు తప్పు. గ్లౌజులు 1,200, ప్యాడ్ కుట్టిన షార్ట్స్ 1,800 (లోపల లోదుస్తులు వేసుకోకూడదు, ఒరుసుకుపోతుంది), పారదర్శకమైన కళ్లద్దాలు 700, చదునైన రబ్బరు అడుగు బూట్లు 1,800. జెర్సీకి డబ్బు పెట్టకండి, మీ దగ్గరున్న జిమ్ టీషర్టు చాలు. నూలు మాత్రం వద్దు, చెమటకు తడిసి ఒంటికి అతుక్కుంటుంది. ఫుల్‌ఫేస్ హెల్మెట్, ఛాతీ కవచం లాంటివి డౌన్‌హిల్‌కు, మీకు కాదు.

రెండో నెల నుంచి రూ.12,000 చొప్పున 6 నెలల ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్). చాలా ప్రైవేటు బ్యాంకుల్లో కనీస గడువు అంతే, పోస్టాఫీసుది 5 ఏళ్లు కాబట్టి ఇక్కడ పనికిరాదు. 6 శాతం వచ్చినా చేతికి దాదాపు రూ.73,200 అందుతుంది. మిగతా రూ.6,600 నెలనెలా అత్యవసర నిధికి వెళ్తే ఎనిమిదో నెలకు అది రెండు లక్షలకు చేరుతుంది. లోన్‌లో మూడు నాలుగు వాయిదాలే మిగులుతాయి. రూ.62,000 సైకిల్‌కు పోగా రూ.8,000 పంపు, మల్టీటూల్, ట్యూబులు, హ్యాంగర్, తాళం, చైన్ నూనె, చైన్ గేజ్‌కు తీసి పెట్టండి. గేజ్ తప్పక కొనండి. 11, 12 స్పీడ్ చైన్ 0.5 శాతం సాగగానే మార్చేస్తే ఖర్చు చైన్ వరకే, వాయిదా వేస్తే వెనక క్యాసెట్ (గేర్ల పళ్ల చక్రాలు) కూడా అరిగి రెండు మూడు రెట్లవుతుంది. వానాకాలం ఎర్ర బురదలో బ్రేక్ ప్యాడ్లు వేసవికన్నా చాలా త్వరగా అయిపోతాయి. ఫోర్క్ కింది కాళ్లకు కంపెనీ చెప్పినన్ని గంటలకు, చాలావాటికి 50, నూనె మార్పించండి.

చివరగా బీమా. సాహస క్రీడల గాయాలకు మెడిక్లెయిమ్ రాదని చాలామంది వదిలేస్తారు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన తొమ్మిదో మినహాయింపు వర్తించేది వృత్తిగా పాల్గొనేవారికే. సరదాగా తొక్కేవాళ్లను అది తప్పించదు. ప్రమాదాలకు 30 రోజుల నిరీక్షణ కూడా లేదు. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీల మాటలు మాత్రం కంపెనీకొకటి. కాలర్‌బోన్ విరిగి కొన్ని వారాలు ఇంట్లో ఉంటే జీతం కోతపడుతుందా అని హెచ్ఆర్‌ను అడగండి. పడుతుందంటే తాత్కాలిక పూర్తి వైకల్యానికి వారం వారం డబ్బిచ్చే రైడర్ (పాలసీకి జోడించే అదనపు కవర్) ఉన్నదే తీసుకోండి, రేసుల్లో పాల్గొంటే వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడిగాకే.